హీటర్ మారిస్తే చలికాలం కరెంటు బిల్లు తగ్గుతుందా?

చలి మొదలయ్యాక బిల్లు దాదాపు రెట్టింపయిందని, ఇంట్లో పెద్దవయసు నాన్నగారు, ఏడాది నిండని పాప ఉన్నారని రాశారు. ఇప్పుడున్న ఫ్యాన్ హీటర్ తీసేసి, నూనె నింపిన హీటర్ కొంటే కరెంటు తక్కువ కాలుతుందా అని అడిగారు. తగ్గదు. ఆ డబ్బు ఇంకోచోట ఖర్చు పెడితే ఇల్లూ వెచ్చగా ఉంటుంది, బిల్లూ దిగుతుంది. మా ఇంట్లో అలాగే జరిగింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

కడ్డీ ఎర్రగా కాలే హీటర్ అయినా, ఫ్యాన్ హీటర్ అయినా, నూనె హీటర్ అయినా ఒక యూనిట్ కరెంటు తీసుకుంటే ఒక యూనిట్ వేడే ఇస్తుంది. అంతకంటే తక్కువ రాదు, ఎక్కువా రాదు. ఆ వేడి మనకు చేరే తీరులో మాత్రం తేడా ఉంది. కడ్డీ హీటర్ ఎదురుగా కూర్చున్న మనిషికి నేరుగా వేడి తగిలిస్తుంది. ఫ్యాన్ హీటర్ గాలిని త్వరగా వేడి చేస్తుంది. నూనె హీటర్ నెమ్మదిగా వేడెక్కి, ఆపేశాక కూడా కొంతసేపు వెచ్చగా ఉంటుంది. శబ్దం ఉండదు, ఎర్రగా కాలే కడ్డీ బయటికి కనిపించదు కాబట్టి పాప ఉన్న గదికి అది మంచిదే. అందుకోసం కొంటానంటే కొనండి, పొదుపు కోసమైతే వద్దు. నిజంగా తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇచ్చేది ఒక్కటే, గదిని వేడి చేసే సదుపాయం కూడా ఉన్న ఏసీ. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడిని లోపలికి తోడుతుంది. బయట మరీ గడ్డకట్టే చలి లేనప్పుడు యూనిట్‌కు సుమారు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు. మీ ఇంట్లో ఇప్పటికే ఏసీ ఉంటే, దాని రిమోట్‌లో సూర్యుడి బొమ్మ ఉన్న మీట ఉందేమో ముందు చూడండి.

మూడేళ్ల కిందట మాకూ ఇదే పరిస్థితి వచ్చింది. బిల్లు చూడగానే అందరం లైట్ల మీద పడ్డాం. ఎవరు గదిలోంచి బయటికి వచ్చినా 'లైటు ఆర్పావా?' అని అడగడమే. పిల్లలు విసిగిపోయారు. కూర్చుని లెక్క వేస్తే విషయం అర్థమైంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఐదు గంటలు వెలిగితే కాలే కరెంటు 0.045 యూనిట్. 2000 వాట్ల హీటర్ దాన్ని నిమిషంన్నరలోపే తినేస్తుంది. లైట్లు ఆర్పడం మంచి అలవాటే, ఇప్పటికీ ఆర్పుతాం. కానీ చలికాలం బిల్లును పెంచేది వెలుగు కాదు, వేడి. నీళ్ల వేడి, గది వేడి. ఈ రెండింటి సంగతి చూడకుండా మిగతా ఎన్ని చేసినా బిల్లులో తేడా కనిపించదు.

ఎక్కడ పోతోందో ఊహించడం మానేసి మీటర్ చదవడం మొదలుపెట్టాను. మీరు కూడా ముందు ఇదే చేయండి. రాత్రి పది గంటలకు అందరూ పడుకోబోయే ముందు టార్చి పట్టుకుని వెళ్లి అంకె రాసుకున్నాను. ఆ రాత్రి హీటర్ వేయలేదు. ఉదయం ఆరింటికి, ఎవరూ లేవకముందే మళ్లీ చూశాను. రెండు యూనిట్లకు పైనే తిరిగింది. ఫ్రిజ్ తప్ప ఏమీ నడవని ఇంట్లో అంత ఎలా కాలిందో బోధపడలేదు. ఒక్కొక్క స్విచ్చీ చూసుకుంటూ స్నానాల గది దాకా వచ్చాను. గీజర్ దీపం ఎర్రగా వెలుగుతోంది. కింద వేడినీళ్ల కుళాయి నుంచి సన్నగా, ఆగకుండా చుక్కలు పడుతున్నాయి. ఎన్నాళ్లుగా అలా కారుతోందో ఎవరికీ తెలియదు. మరుసటి రాత్రి దాని కింద బకెట్ పెడితే తెల్లారేసరికి సుమారు 8 లీటర్లు నిండింది. అంటే రాత్రంతా గీజర్ కొత్త నీళ్లు తీసుకుని కాచి మురుక్కాలువలో పోస్తోంది. దానికి తోడు ట్యాంకు పైభాగం మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. లోపలి వేడి గోడ దాటి బయటికి వస్తోందన్నమాట.

కుళాయిలో అరిగిపోయిన వాషర్ మార్చాం. గీజర్ స్విచ్చి పడుకునే ముందు ఆపి, స్నానాలకు అరగంట ముందు వేయడం మొదలుపెట్టాం. ఆ ఎనిమిది గంటల లెక్క అర యూనిట్ దగ్గరికి దిగింది.

గీజర్ లెక్క సులువు, ఒకసారి తెలుసుకుంటే జన్మంతా పనికొస్తుంది. ఎన్ని లీటర్ల నీళ్లను ఎన్ని డిగ్రీలు పెంచాలో గుణించి 860తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. 25 లీటర్ల ట్యాంకులో 18 డిగ్రీల నీళ్లను 60కి తేవాలంటే సుమారు 1.2 యూనిట్లు. 20 డిగ్రీల నీళ్లు 40కి చేరాలంటే 20 లీటర్ల బకెట్ స్నానానికి అర యూనిట్ లోపే సరిపోతుంది. అదే నిమిషానికి 8 లీటర్లు పోసే షవర్ కింద పది నిమిషాలు నిలబడితే 80 లీటర్లు, దాదాపు 1.9 యూనిట్లు. నలుగురున్న ఇంట్లో ఈ తేడా రోజుకు ఐదారు యూనిట్లు! షవర్ మానలేనివాళ్లు ఒంటికి సబ్బు రాసుకునేటప్పుడు నీళ్లు కట్టేసినా మేలే. స్నానాలు ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే చేస్తే ట్యాంకులో మిగిలిన వేడి వృథా కాదు. ఒక జాగ్రత్త చెప్పాలి. పొదుపు పేరుతో గీజర్‌ను 45 డిగ్రీలకు తగ్గించి అలాగే ఉంచకండి. గోరువెచ్చగా నిలవ ఉన్న నీళ్లలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, పెద్దవాళ్ల ఊపిరితిత్తులకు అది ప్రమాదం. 60 దగ్గర పెట్టి, బకెట్‌లో చన్నీళ్లు కలుపుకోండి. పాపకు నీళ్లు పోసే ముందు మోచేత్తో చూడటం మరవకండి.

ఇక గది వేడి. మా ముందుగదిలో హీటర్ వేసినా పాదాలు చల్లబడేవి. హీటర్ చాలడం లేదనుకున్నాం. ఒకరోజు పలుచని టిష్యూ కాగితాన్ని వేలెడు వెడల్పున చింపి, మూసిన తలుపు కింద, కిటికీ రెక్కల సందుల దగ్గర పట్టుకుని చూశాను. తలుపు కింద అది లోపలికి వాలి రెపరెపలాడింది. అక్కడ సెంటీమీటరు సందు ఉంది. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు అనుకుంటే, అది గోడకు నాలుగంగుళాల పైచిలుకు రంధ్రం చేసి వదిలేసినంత ఖాళీ. వీధి వైపు గోడకు అంత కన్నం ఉంటే ఎవరమూ ఊరుకోం కదా! పాత దుప్పటి గట్టిగా చుట్టి, గొట్టంలా కుట్టి తలుపు కింద పెట్టాం. కిటికీ రెక్కల చుట్టూ అంటించే నురుగు పట్టీ తెచ్చి వేశాం. పిల్లలే కాగితం ముక్క పట్టుకుని ఇల్లంతా తిరిగి సందులు కనిపెట్టారు. మా ఇంట్లో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ వెచ్చదనం ఇచ్చిన పని ఇదే.

కిటికీ అద్దం గుండా పోయే వేడి కూడా తక్కువేం కాదు. ఒంటి అద్దం ఉన్న, నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు కిటికీ తీసుకోండి. లోపల 20, బయట 8 డిగ్రీలున్నప్పుడు దానిగుండా సుమారు 100 వాట్ల వేడి బయటికి పోతూనే ఉంటుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి వెలువడే వేడీ దాదాపు అంతే. ఒక మనిషిచ్చే వెచ్చదనాన్ని ఒక కిటికీ పట్టుకుపోతోందన్నమాట. మందపాటి తెర, గోడకు ఆనేలా, కింద వేలాడకుండా కిటికీ గట్టు దాకా వచ్చేలా వేస్తే అది చాలావరకు తగ్గుతుంది. పొద్దుటిపూట ఎండ పడే కిటికీల తెరలు పూర్తిగా తీసేయండి. చలికాలపు ఎండ ఏటవాలుగా గదిలోకి లోతుగా వస్తుంది. ఎండ తగ్గగానే, చీకటి పడేదాకా ఆగకుండా, తెరలు మూసేయండి. సాయంత్రాలు అందరం ఒకే గదిలో కూర్చుంటాం. నలుగురం కలిస్తే మా ఒళ్ల వేడే 400 వాట్లు.

మీ నాన్నగారి గురించి చెప్పాల్సిన మాట ఒకటుంది. మా అమ్మ మాతోనే ఉంటుంది. బిల్లు గురించి మేం మాట్లాడుకోవడం విని, మాకు చెప్పకుండా రాత్రిళ్లు తన గది హీటర్ ఆపేసుకునేది. ఒకరోజు తెల్లవారుజామున నీళ్లు తాగడానికి లేచి ఆమె గదిలోకి వెళితే, రెండు దుప్పట్ల కింద ముడుచుకుని పడుకుని ఉంది. చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది. ఆ రోజు నాకు వచ్చిన బాధ ఇప్పటికీ పోలేదు. పెద్దల ముందు బిల్లు గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్తగా ఉండండి, వాళ్లు ముందు తమ సుఖాన్నే తగ్గించుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం చలి ప్రాంతాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలి, పెద్దలకు, పసిపిల్లలకు అంతకంటే ఎక్కువ అవసరం కావచ్చు. మీ నాన్నగారి గదిలో, పాప గదిలో చిన్న ఉష్ణోగ్రత మాపకం పెట్టండి. మీ అంచనా మీద ఆధారపడకండి, మనకు చలి అనిపించని గదిలో వాళ్లకు చలి వేస్తుంది.

అమ్మ కోసం మేం చేసింది ఇది. పడుకునే ముందు గంటసేపు గది వెచ్చబరుస్తాం. పక్కలో వేడినీళ్ల సంచి పెట్టి, ఆమె పడుకునేసరికి పాదాల దగ్గరికి జరుపుతాం. సంచిలో పట్టే లీటరున్నర నీళ్లు కాచడానికి అయ్యే కరెంటు సుమారు 0.1 యూనిట్ మాత్రమే. మరుగుతున్న నీళ్లు పోయకూడదు, మూత బిగించే ముందు లోపలి గాలి నొక్కి తీసేయాలి, పైన గుడ్డ చుట్టాలి. కాళ్లకు ఉన్ని మేజోళ్లు, మంచం పక్క నేల మీద మందపాటి పట్టా. గదిని 23 డిగ్రీల దగ్గర ఉంచే అవసరం పోయింది, 20 చాలుతోంది. బయట 8 ఉన్న రాత్రి ఆ మూడు డిగ్రీలు తగ్గితే గది పోగొట్టుకునే వేడి ఐదో వంతు తగ్గుతుంది, ఎందుకంటే వేడి పోయే వేగం లోపలికీ బయటికీ ఉన్న తేడాను బట్టే ఉంటుంది. పాప పక్కలో మాత్రం వేడినీళ్ల సంచి ఉంచకండి. పసిపిల్లలకు గది వెచ్చగా ఉండటమే భద్రం.

హీటర్‌ను ఆపి ఆపి వేస్తే ఎక్కువ కాలుతుంది, రోజంతా వేసి ఉంచడమే నయం అని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. గది ఎంతసేపు వెచ్చగా ఉంటే అంతసేపూ వేడి బయటికి పోతూనే ఉంటుంది. ఎవరూ లేని గదిలో ఆపేయండి.

తడి బట్టలు గదిలో ఆరేయకుండా ఉండగలిగితే మంచిది. లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.7 యూనిట్ల వేడి కావాలి, అది మీ గది నుంచే పోతుంది. పైగా ఆ చెమ్మ చల్లని గోడ మూలల్లో చేరి బూజు పడుతుంది. చలి అని కిటికీలు రోజంతా బిగించడం కూడా తప్పే. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఐదు నిమిషాలు బార్లా తెరవండి. గాలి మారుతుంది, గోడలు, సామాన్లు దాచుకున్న వేడి అలాగే ఉంటుంది. 30 ఘనపు మీటర్ల గదిలో గాలిని మళ్లీ పది డిగ్రీలు వేడి చేయడానికి కావలసింది 0.1 యూనిట్ మాత్రమే.

పొదుపు కోసం బొగ్గుల కుంపటి మూసిన గదిలో పెట్టే ఆలోచన ఎవరైనా చెబితే దయచేసి వినకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. 2000 వాట్ల హీటర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దాన్ని సన్నని ఎక్స్‌టెన్షన్ తీగకు తగిలించకండి, తెరలకు, పక్కబట్టలకు మీటరు దూరంలో ఉంచండి.

మిగతావి చిన్నవే. బట్టలు చన్నీళ్లతోనే ఉతకండి, వేడినీళ్ల ఉతుకులో కరెంటులో ఎక్కువ భాగం నీళ్లు కాచడానికే పోతుంది. ఫ్రిజ్ చల్లదనం ఎండాకాలంలో పెంచి ఉంటే తగ్గించండి. గిన్నెల మీద మూత పెట్టండి, మరగడం మొదలయ్యాక మంట తగ్గించండి.

కొత్త హీటర్ కొనే ముందు ఒక వారం ఆగండి. ఈ రాత్రి పది గంటలకు ఒకసారి, ఉదయం ఆరింటికి ఒకసారి మీటర్ చూసి రాసుకోండి. ఒక రాత్రి గీజర్ వేసి ఉంచి, ఇంకో రాత్రి ఆపి చూడండి, రెండు రాత్రులూ హీటర్ వాడకం ఒకేలా ఉండాలి. ఆ అంకెలు, గీజర్ ఎన్ని లీటర్లదో, నాన్నగారి గదిలో తెల్లవారుజామున ఎన్ని డిగ్రీలుందో ఇక్కడే రాయండి. మీ ఇంట్లో వేడి ఎక్కడ పోతోందో కలిసి చూద్దాం.