శ్లాబు కారుతోంది... బిల్డరేమో ‘మీ తప్పే’ అంటున్నాడు

ప్రశ్న: మాది నెల్లూరులో ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్, పై అంతస్తు. తాళాలు తీసుకుని నాలుగేళ్ల మూడు నెలలైంది. కార్తీకం వానలకు పడగ్గది గోడ వెంట నీళ్లు కారి పెచ్చులూడాయి. స్విచ్‌బోర్డు దాకా చెమ్మ దిగింది. బిల్డర్‌కి ఫోన్ చేస్తే, ‘మేడ మీద ఆకులు ఊడ్చుకోకపోతే నేనేం చేసేది?’ అంటున్నాడు. కేసు వేస్తే నిలుస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ గది ఎంసీబీ (మీటరు బోర్డులో కరెంటు ఆపే స్విచ్) దించేయండి. కేసు సంగతి తర్వాత.

మీకు ఇంకా గడువుంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాటు అప్పగించిన 5 ఏళ్లలోపు కట్టుబడిలో లోపం ఉందని తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచేయాలి. చేయకపోతే నష్టపరిహారం అడగొచ్చు. తెలియజేశామని రేపు రుజువు చూపాలి కాబట్టి ఫోన్‌తో సరిపెట్టకండి. ఫొటోలు జతచేసి, అందినట్టు రసీదు వచ్చేలా స్పీడ్‌పోస్టులో ఈ వారమే నోటీసు పంపండి.

అయితే బిల్డర్ మాటను తీసిపారేయలేం. మేడ మీది వానపైపు నోట్లో ఆకులు, ప్లాస్టిక్ కవర్లు అడ్డుపడి నీళ్లు నిలిస్తే ఆ తప్పు అసోసియేషన్‌దే. పైపు శుభ్రంగా ఉన్నా పిట్టగోడ, శ్లాబు కలిసేచోట నీళ్లు దిగుతుంటే అది పనితనంలో లోపం. తేల్చుకునే దారి ఉంది. గోడ ఆరాక, చెమ్మ మరక అంచు చుట్టూ సుద్దతో గీసి తేదీ వేయండి. పైపు నోరు గుడ్డతో బిగించి, మేడ మీద రెండంగుళాల నీళ్లు ఒకటి రెండు రోజులు నిలపండి. ఇంజనీరును దగ్గరుంచుకోండి, బిల్డర్‌నూ రమ్మని రాయండి. మరక గీత దాటిందా లేదా ఇద్దరూ చూస్తారు. ఇంజనీరు రిపోర్టు చేతికొచ్చేదాకా మాత్రం సున్నం, పెయింటు వేయించకండి. ఆ తొందరలో సాక్ష్యం చెరిపేసుకున్నవాళ్లే ఎక్కువ.

అసోసియేషన్‌కి చెప్పి ఒక నోటుబుక్ పెట్టించండి. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి సెప్టెంబరులోనే పైపు నోళ్లు తీయించి, పగుళ్లు పూడ్పించి, తేదీ, కూలి రసీదు, ఫొటో అందులో ఉంచాలి. ‘మీ నిర్లక్ష్యమే’ అన్న వాదనకు ఆ పుస్తకాన్ని మించిన జవాబు లేదు. పాత ఏళ్ల రసీదులు దొరికితే అవీ చేర్చండి.

30 రోజులు దాటినా కదలకపోతే ఆ చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర నియంత్రణ సంస్థ ఏపీ రెరాలో గానీ, నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో గానీ ఫిర్యాదు చేయొచ్చు. కమిషన్‌కైతే వివాద కారణం తలెత్తిన 2 ఏళ్లలోపే వెళ్లాలి. మిగతా ఫ్లాట్లలోనూ చెమ్మ ఉంటే వాళ్ల సంతకాలూ నోటీసులో పెట్టించండి.