స్క్విడ్‌లో ఒక్క పాత ఫైల్ కోసం కాష్ మొత్తం తుడిచేయకండి

స్క్విడ్ ప్రాక్సీ (మన కంప్యూటర్లకూ నెట్‌కూ మధ్య ఉండి, ఒకసారి తెచ్చిన పేజీల కాపీలను కాష్‌లో దాచి ఇచ్చే ప్రోగ్రామ్) పాత పేజీనే ఇస్తోంది, కాష్‌లో ఏముందో చూసి అదొక్కటే ఎలా తీసేయాలి అని అడిగారు. ముందు ఒక మాట: హెచ్‌టీటీపీఎస్ పేజీ అయితే స్క్విడ్ మామూలుగా దాన్ని దాచుకోదు, అటూ ఇటూ చేరవేస్తుందంతే. అప్పుడు బ్రౌజర్‌లో వెతకండి.

బెంగళూరు మారతహళ్లిలో ఒక ట్రైనింగ్ సెంటర్‌లో పనిచేసినప్పుడు నాకూ ఇదే ఎదురైంది. లోపలి సర్వర్‌లో టైమ్‌టేబుల్ పీడీఎఫ్ మార్చాం. పిల్లలకు మాత్రం పాతదే వస్తోంది. నెల్లూరు నుంచి కొత్తగా వచ్చిన ఇద్దరు దాన్ని నమ్మి బ్యాచ్ పోగొట్టుకున్నారు. టెన్షన్‌లో నేను కాష్ డైరెక్టరీ మొత్తం తీసేశాను. మర్నాడు ల్యాబ్‌లన్నీ ఒకేసారి తెరిచారు, ప్రతిదీ బయటినుంచే రావాల్సి వచ్చి మధ్యాహ్నం దాకా నెట్ కదల్లేదు. మీరు ఆ పని చేయకండి.

స్క్విడ్ ప్రతి అభ్యర్థననూ రాసుకునే యాక్సెస్ లాగ్‌లో ఆ యూఆర్ఎల్ పక్కన టీసీపీ హిట్ లేదా టీసీపీ మెమ్ హిట్ ఉంటే అది కాష్ నుంచే వస్తోంది. స్క్విడ్ కాన్ఫిగ్‌లో పర్జ్ మెథడ్‌కు (కాష్‌లోంచి ఒక కాపీని తీసేయమనే ఆదేశం) ఏసీఎల్, అంటే ఎవరికి అనుమతో చెప్పే నియమం రాసి, లోకల్‌హోస్ట్‌కు, అంటే ప్రాక్సీ నడిచే మెషీన్‌కు మాత్రమే అనుమతి ఇవ్వండి, మిగతావాళ్లకు వద్దు. తర్వాత కర్ల్ అనే కమాండ్ లైన్ టూల్‌తో ప్రాక్సీ పోర్టుకు, మామూలుగా 3128, ఆ యూఆర్ఎల్ ఇచ్చి పర్జ్ పంపండి. 200 వస్తే పోయినట్టు, 404 వస్తే ఆ పేరుతో ఏదీ లేనట్టు.

నాకు పదేపదే 404 వచ్చింది. రెండు గంటలు తల పట్టుకున్నాక తెలిసింది: లాగ్‌లో ప్రశ్న గుర్తు తర్వాతి భాగాన్ని స్క్విడ్ తనంతట తానే కత్తిరించి రాస్తుంది. కాన్ఫిగ్‌లో స్ట్రిప్ క్వెరీ టర్మ్స్ అనే సెట్టింగ్ ఆఫ్ చేస్తే పూర్తి యూఆర్ఎల్ కనబడుతుంది. పర్జ్‌కు అక్షరం తేడా లేకుండా అదే ఇవ్వాలి.

అసలు పాతది ఎందుకు నిలిచింది? మా సర్వర్ గడువేమీ చెప్పలేదు, చివరిగా మారిన తేదీ మాత్రమే పంపింది. ప్రశ్న గుర్తు ఉన్న యూఆర్ఎల్‌లను ప్రతిసారీ మళ్లీ అడగమని మామూలుగా ఉండే నియమం మా కాన్ఫిగ్‌లో లేదు. అలాంటప్పుడు స్క్విడ్ మామూలు రిఫ్రెష్ ప్యాటర్న్ (కాపీని ఎంతకాలం తాజాగా లెక్కించాలో చెప్పే సెట్టింగ్) ప్రకారం ఫైల్ వయసులో 20 శాతం కాలం దాన్ని తాజాదనే అనుకుంటుంది, గరిష్ఠంగా 4320 నిమిషాలు, అంటే 3 రోజులు. తెచ్చుకునేటప్పటికి 10 రోజుల ఫైల్ అయితే 2 రోజులు మళ్లీ అడగదు. సర్వర్‌లో ఆ ఫైల్‌కు కాష్ కంట్రోల్ నో కాష్ హెడర్ (సర్వర్‌ను అడగకుండా పాత కాపీ ఇవ్వొద్దనే సూచన) పెట్టాక మళ్లీ పర్జ్ అవసరం రాలేదు.

పర్జ్ చేశాక మొదటి అభ్యర్థనకు లాగ్‌లో టీసీపీ మిస్ రావాలి, అంటే కాష్‌లో లేక సర్వర్ నుంచి తెచ్చినట్టు. అది వచ్చాక కూడా ఏదైనా సిస్టమ్‌లో పాత పేజీయే కనబడుతుంటే, అక్కడ బ్రౌజర్ కాష్ ఖాళీ చేయండి.