కార్బన్ ఫుట్‌ప్రింట్: ముందు లీకులు కట్టండి, తర్వాతే కొనుగోళ్లు

వ్యాపార సంస్థల కర్బన ఉద్గారాల మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఆరింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది నలభై మంది పనిచేసే తయారీ యూనిట్. మా దగ్గర సరుకు కొనే కంపెనీ మా కార్బన్ ఫుట్‌ప్రింట్ ఎంతో చెప్పమంది. కన్సల్టెంట్‌ను పెట్టుకునే స్తోమత లేదు. మేమే లెక్క వేసుకోగలమా?

వేసుకోగలరు. కార్బన్ ఫుట్‌ప్రింట్ అంటే మీ పని వల్ల ఏడాదిలో గాలిలో కలిసే ఉద్గారాల మొత్తం. పన్నెండు నెలల బిల్లులు, ఒక ఎక్సెల్ షీటు చాలు. ఎక్కువ సంస్థలు అనుసరించే లెక్కల పద్ధతి 2001లో మొదటిసారి వెలువడిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్. అది ఉద్గారాలను స్కోప్ అనే మూడు భాగాలుగా విడదీస్తుంది. మీరే కాల్చే ఇంధనం, మీ యంత్రాల నుంచి కారిపోయే వాయువులు అందులో స్కోప్ 1 కిందికి వస్తాయి. కొన్న కరెంటు స్కోప్ 2. ముడిసరుకు, బయటివాళ్ల రవాణా, ఉద్యోగుల ప్రయాణాలు, వ్యర్థాలు వగైరా స్కోప్ 3. ఇందులోనే 15 విభాగాలున్నాయి. మొదటి ఏడాది అన్నిటి వెంటా పడకండి. స్కోప్ 1, 2 పక్కాగా తేల్చి, స్కోప్ 3లో మీరు ఎక్కువగా కొనే రెండు మూడు ముడిసరుకులను మాత్రం పట్టుకోండి.

లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు డీజిల్ కిలో కూడా తూగదు కదా అని చాలామంది అడుగుతారు. మిగతా బరువు గాలిలోంచి వచ్చి కలిసే ఆక్సిజన్‌ది. పెట్రోలుకైతే లీటరుకు 2.3 కిలోలు, ఎల్‌పీజీకి కిలోకు దాదాపు 3 కిలోలు వేసుకోండి. కరెంటుకు మాత్రం అందరికీ ఒకటే అంకె ఉండదు. బొగ్గుతో తయారైన యూనిట్ వెనుక కిలో దరిదాపుల్లో ఉద్గారం ఉంటుంది. జలవిద్యుత్తు, అణువిద్యుత్తే ప్రధానమైన గ్రిడ్‌లో అది 100 గ్రాములు కూడా దాటకపోవచ్చు. అందుకే మీ గ్రిడ్‌కు అధికారికంగా ప్రకటించిన అంకెనే, అదీ మీరు లెక్కవేసే సంవత్సరానిదే, తీసుకోండి.

ఎక్కువగా తప్పు జరిగేది డీజిల్ దగ్గర. బిల్లు మీది డబ్బును బట్టి లీటర్లు ఊహిస్తారు. ధర మారినప్పుడల్లా లెక్క తప్పుతుంది. ఏడాది మొదట్లో ట్యాంకులో ఉన్నదానికి కొన్నది కలిపి, చివర్లో మిగిలింది తీసేయండి. వాడకం అదే. రెండో తప్పు జనరేటర్ కరెంటుది. డీజిల్‌ను స్కోప్ 1లో వేశాక, అదే జనరేటర్ ఇచ్చిన యూనిట్లను మళ్లీ స్కోప్ 2లో కలపకూడదు.

ప్రశ్న: కరెంటు బిల్లులో సగం ఎయిర్ కంప్రెసర్లదే. 22 కిలోవాట్ల పాత కంప్రెసర్ తీసేసి కొత్తది కొంటే మేలా?

కొనే ముందు కంప్రెసర్ నుంచి యంత్రాలకు గాలి వెళ్లే పైపు లైన్లో లీకు ఎంతుందో కొలవండి. పట్టించుకోని లైన్లలో తయారైన గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోవడం మామూలే. లీకులున్న లైనుకు కొత్త కంప్రెసర్ పెట్టినా అది ఆ లీకులకే గాలి కొడుతూ కూర్చుంటుంది.

కొలవడానికి ఒక వాచీ ఉంటే చాలు. షిఫ్టు అయిపోయాక గాలి వాడే యంత్రాలన్నీ ఆపండి, లైను వాల్వులు మాత్రం తెరిచే ఉంచండి. కంప్రెసర్ ఆన్ చేయండి. ప్రెషర్ నిండగానే అన్‌లోడ్ అవుతుంది, అంటే గాలి కొట్టడం ఆపి ఖాళీగా తిరుగుతుంది. లీకుల వల్ల ప్రెషర్ పడగానే మళ్లీ లోడ్ తీసుకుంటుంది. ఎంతసేపు లోడ్‌లో ఉందో, ఎంతసేపు అన్‌లోడ్‌లో ఉందో ఐదారు సార్లు రాసుకుని సగటు తీయండి. లోడ్ సమయాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే లీకు శాతం వస్తుంది. ఒకటిన్నర నిమిషం లోడ్, నాలుగున్నర నిమిషాలు అన్‌లోడ్ అయితే లీకు 25 శాతం. మీ 22 కిలోవాట్లలో అది ఐదున్నర కిలోవాట్లు. ఏడాదికి 6,000 గంటలు నడిస్తే 33,000 యూనిట్లు. యూనిట్‌కు 0.7 కిలోల గ్రిడ్ అయితే 23 టన్నులు.

ఇక లీకులు వెతకడం. సబ్బు నీళ్లు, బ్రష్షు పట్టుకుని కంప్రెసర్ నుంచి చివరి యంత్రం దాకా నడవండి. మెయిన్ పైపులో దొరికేది తక్కువ. క్విక్ కప్లింగులు, హోస్ క్లాంపులు, ఫిల్టర్-రెగ్యులేటర్ల అడుగున ఉండే డ్రెయిన్లు, సిలిండర్ రాడ్ సీళ్లు, టెఫ్లాన్ టేపు చిరిగిన మరలు, వీటి దగ్గరే బుడగలు లేస్తాయి. రిసీవర్ (గాలి నిల్వ ట్యాంకు) కింది డ్రెయిన్ వాల్వును నీళ్లు పోవాలని కొంచెం తెరిచి వదిలేస్తుంటారు. నీటితోపాటు రాత్రింబగళ్లు గాలీ పోతుంది. దొరికిన ప్రతి చోటా నంబరు రాసిన చీటీ కట్టండి. సరిచేశాక అదే పరీక్ష మళ్లీ పెట్టండి.

లీకులు కట్టినా బిల్లు తగ్గలేదని ఫిర్యాదు చేసేవాళ్లున్నారు. దానికి కారణం ఉంది. అన్‌లోడ్‌లో ఉన్నప్పుడు కూడా మోటారు తిరుగుతూనే ఉంటుంది, పూర్తి లోడ్ కరెంటులో మూడో వంతు దాకా తినగలదు. ఆదా చేతికి రావాలంటే ఖాళీగా తిరిగే కంప్రెసర్ కొన్ని నిమిషాలకు దానంతటదే ఆగేలా టైమర్ పెట్టాలి. రెండు కంప్రెసర్లుంటే ఒకటి ఆపేయాలి. ప్రెషర్ సెట్టింగ్ కూడా తగ్గించాలి. 7 బార్ (ప్రెషర్ కొలత) దరిదాపుల్లో ఒక బార్ తగ్గిస్తే కరెంటు 6, 7 శాతం తగ్గుతుంది. ఒక్కసారిగా తగ్గించకండి. 0.2 బార్ చొప్పున తగ్గిస్తూ, అన్నిటికంటే దూరంగా ఉన్న యంత్రం సరిగా పనిచేస్తోందో లేదో ఒకరోజు గమనించి ముందుకు వెళ్లండి. ఇదంతా అయ్యాక మిగిలిన అవసరానికి కొత్త కంప్రెసర్ ఎంచుకుంటే, ఇప్పుడనుకుంటున్న దానికంటే చిన్నదే సరిపోవచ్చు.

ప్రశ్న: మా ఆఫీసు ఏసీలకు ఏటా గ్యాస్ నింపిస్తాం. అది కూడా లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. చాలా ఆఫీసులు మర్చిపోయేది ఇదే. ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న పైపుల్లో తిరుగుతూ ఏళ్ల తరబడి అలాగే ఉండాలి. ఏటా నింపుతున్నారంటే ఏటా అంత గాలిలో కలుస్తోందన్నమాట. చాలా ఏసీల్లో ఉండే ఆర్-410ఏ గ్యాస్ ఒక్క కిలో బయటికి పోతే 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. దాదాపు 780 లీటర్ల డీజిల్ కాల్చినట్టు! శీతల గిడ్డంగుల్లో వాడే ఆర్-404ఏ గ్యాస్ ప్రభావమైతే కార్బన్ డయాక్సైడ్‌కు 3,900 రెట్లు దాటుతుంది.

మెకానిక్ వచ్చి గేజీ చూసి గ్యాస్ ఎక్కించి వెళ్లిపోతే ఒప్పుకోకండి. ముందు లీకు వెతకాలి. స్ప్లిట్ ఏసీల్లో సాధారణంగా అది ఫ్లేర్ నట్ల దగ్గరే ఉంటుంది. సరిచేశాక నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్టు చేయాలి, వాక్యూమ్ పంపుతో పైపుల్లోని ప్రెషర్‌ను 500 మైక్రాన్ల (వాక్యూమ్ కొలత) కిందికి లాగాలి, ఆ తర్వాత యంత్రం మీద రాసిన బరువు ప్రకారం తూకం వేసి నింపాలి. ఆర్-410ఏ రెండు వాయువుల మిశ్రమం, ద్రవరూపంలోనే ఎక్కించాలి. పాత గ్యాస్ తీయాల్సి వస్తే రికవరీ యంత్రంతో సిలిండర్‌లోకి తీయించండి, గాల్లోకి వదలనివ్వకండి. ప్రతి యూనిట్‌కు ఒక కార్డు పెట్టి ఏ తేదీన ఎన్ని గ్రాములు నింపారో రాయించండి. ఆ గ్రాములే మీ స్కోప్ 1 లెక్క.

కొత్త ఏసీ కొనేటప్పుడు ఆర్-32 (675 రెట్లు) ఉన్నది ఆర్-410ఏ కంటే చాలా నయం. ఆర్-290 ఇంకా మేలు, కానీ అది ప్రొపేన్, మండే వాయువు. దానికోసం తయారుచేసిన యంత్రంలోనే వాడాలి. ఆర్-22 అనే పాత తరం గ్యాస్ కోసం చేసిన యంత్రంలో నింపుతామని ఎవరైనా అంటే ససేమిరా వద్దనండి. నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: కెపాసిటర్లు పెట్టి పవర్ ఫ్యాక్టర్ పెంచితే ఉద్గారాలు బాగా తగ్గుతాయని ఒక అమ్మకందారు చెబుతున్నారు. నిజమేనా?

బాగా తగ్గవు. పవర్ ఫ్యాక్టర్ అంటే లైను నుంచి లాగే మొత్తం కరెంటులో నిజంగా పనికి వచ్చే వాటా. దాన్ని పెంచితే కేవీఏ డిమాండ్ (లైను నుంచి లాగే ఆ మొత్తం) తగ్గుతుంది, తీగల్లో వేడిగా పోయే నష్టం కొద్దిగా తగ్గుతుంది. మోటారు చేసే పనికి కావాల్సిన యూనిట్లు అలాగే ఉంటాయి. బిల్లులో పెనాల్టీ పడుతుంటే పెట్టించండి, ఉద్గారాల ఖాతాలో మాత్రం దాన్ని గొప్పగా చూపకండి. దానికి బదులు ఫ్యాన్లు, పంపులు చూడండి. వాల్వు సగం మూసి నడిపే సెంట్రిఫ్యూగల్ పంపుకు వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) పెట్టి వేగం 20 శాతం తగ్గించగలిగితే పవర్ దాదాపు సగానికి పడుతుంది, ఎందుకంటే పవర్ వేగం ఘనాన్ని బట్టి (0.8 × 0.8 × 0.8) మారుతుంది. నీటిని ఎత్తుకు తోడే పంపులో అంత ఆదా రాదు. ఎత్తుకు కావాల్సిన ప్రెషర్ వేగంతోపాటు తగ్గేది కాదు.

ప్రశ్న: ఇవన్నీ ఎందుకు, మొక్కలు నాటించి, కార్బన్ క్రెడిట్లు కొని "నెట్ జీరో" అని ప్రకటించకూడదా?

కూడదు. నెట్ జీరో అంటే ఉద్గారాలను తగ్గించి, మిగిలినంత కర్బనాన్ని గాలిలోంచి తీసి లెక్కను సున్నా చేయడం. కంపెనీల తగ్గింపు లక్ష్యాలను పరిశీలించే అంతర్జాతీయ సంస్థ సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనిషియేటివ్ 2021లో తెచ్చిన నెట్ జీరో ప్రమాణం ప్రకారం చాలా సంస్థలు ముందు తమ ఉద్గారాలను కనీసం 90 శాతం తగ్గించాలి. క్రెడిట్లు, అంటే వేరేచోట తగ్గించిన ఉద్గారాలకు ఇచ్చే పత్రాలు, మీ తగ్గింపుకు బదులు కావు. మొక్కలు నాటండి, మంచిదే. అయితే నాటిన చెట్టు ఎండిపోయినా తగలబడినా అందులోని కర్బనం మళ్లీ గాలిలోకే పోతుంది. కట్టిన లీకు అలా తిరగబడదు.

ప్రశ్న: సరుకు పంపడంలో ఉద్గారాలు తగ్గించే తేలిక మార్గం ఏదైనా ఉందా?

విమానంలో పంపేది ఎందుకు పంపుతున్నారో చూడండి. అదే టన్ను సరుకును అదే దూరం ఓడలో పంపితే అయ్యే ఉద్గారం కంటే విమానంలో పదుల రెట్లు ఎక్కువ. విమానం ఎక్కించిన ప్రతి సరుకుకూ ఎదురుగా కారణం రాయండి. ప్లానింగ్ వారం ముందు మొదలుపెట్టి ఉంటే ఎన్ని ఓడలోనో రైల్లోనో వెళ్లేవో ఆ పట్టికే చూపిస్తుంది.