పాత పెంకుటింట్లో వంటిల్లు మార్చుకోబోతున్న మేనకోడలికి

చి.ల.సౌ. అమ్మడికి,

మీ మేనత్త ఆశీర్వదించి రాసేది. నువ్వు పంపిన ఫోటోలు, కాగితం మీద గీసిన ప్లాను రెండూ చూశాను. కోనసీమలో పాత ఇళ్ళు ఒక్కొక్కటే పడగొట్టి స్లాబులు వేసేస్తున్న రోజుల్లో, మీ మామగారి పెంకుటిల్లు అలాగే ఉంచి బాగుచేసుకుందామని మీరిద్దరూ అనుకోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. అందుకే ఇంత పెద్ద ఉత్తరం. మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చేలోపు పూర్తిగా చదువు.

నట్టింటికీ వంటింటికీ మధ్య గోడ కొట్టించి ఓపెన్ కిచెన్ చేద్దామని రాశావు. తల్లీ, ఆ గోడ జోలికి మాత్రం వెళ్ళకు. నీ రెండో ఫోటోలో చూడు, నట్టింటి దూలం ఒక కొస ఆ గోడ మీదే ఆనుకుని ఉంది. ఇటుకా సున్నంతో కట్టిన ఇళ్ళల్లో పిల్లర్లు ఉండవు, కప్పు బరువంతా గోడలే మోస్తాయి. కింద ఇనప గడ్డరు పెడతానని మేస్త్రీ అంటాడు. పెట్టొచ్చు, కానీ దానికి ఇంజినీరు వచ్చి చూడాలి, ఖర్చు నువ్వనుకున్నదానికి రెండింతలవుతుంది. పైగా తిరగమోత ఘాటు, చేపల పులుసు వాసన నట్టింట్లో పరుపులకీ బట్టలకీ పడుతుంది. గుమ్మం ఉన్నచోటే ఉండనీ. వెలుగు కావాలంటే దానికి వేరే దారి ఉంది, కింద చెబుతాను.

ఇలాంటి పని మొదలుపెట్టగానే అందరూ పొయ్యి ఎక్కడ పెట్టాలి, డైనింగ్ టేబుల్ ఎక్కడ వెయ్యాలి అని చూస్తారు. పాత ఇంట్లో ముందు తేలాల్సింది నీళ్ళు ఎక్కడ అన్నది. మీ ఇంట్లో ఇన్నాళ్ళూ నీళ్ళు ఇంటి బయటే ఉన్నాయి. బోరింగు దగ్గర చప్టా మీద అంట్లు తోముకునేవాళ్ళు, బిందెలతో లోపలికి తెచ్చుకునేవాళ్ళు. ఆ గోడలు అన్నేళ్ళు నిలబడడానికి అదీ ఒక కారణమే. ఇప్పుడు నువ్వు పైపు, సింకు లోపలికి తెస్తున్నావు. సున్నపు గోడలో పైపు పూడ్చి, అది ఎక్కడో సన్నగా కారినా నీకు తెలియదు. తెలిసేసరికి గోడ చెమ్మెక్కి పెచ్చులు ఊడుతుంటాయి.

కాబట్టి సింకు తూర్పు గోడకి, ఈశాన్యం మూలకి పెట్టించు. అది బయటి గోడ, తూము నేరుగా పెరట్లోకి పోతుంది. పైపులు గోడలో పూడ్చకుండా పైనే క్లాంపులతో బిగించమను. చూడ్డానికి అంత అందంగా ఉండదు, కానీ కారితే వెంటనే కనిపిస్తుంది. బయట తూము గొట్టానికి అడుగుకి పావు అంగుళం వాలు ఉండాలి. చూరు దాటి, పునాదికి ఏడెనిమిది అడుగుల అవతలికి తీసుకెళ్ళి అరటి పాదుల్లోకి వదులు. మన డెల్టా నేలలో వానాకాలం నీళ్ళు ఊరికే ఇంకవు, పునాది పక్కన రోజూ సింకు నీళ్ళు నిలబడితే నేల మెత్తబడి గోడ కుంగుతుంది. సింకు వెనక గోడకి సిమెంటు పూత వేస్తానంటే ఒప్పుకోకు. సున్నపు గోడ లోపలి చెమ్మని బయటికి వదులుతూ ఉంటుంది, పైన సిమెంటు వేస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోతుంది. సున్నం, ఇసుక కలిపిన పూతే వేయించు. గట్టుని గోడలోకి దూర్చకుండా, కింద ఇటుక కాళ్ళ మీద నిలబెట్టి, గోడకి వేలెడు ఎడం ఉంచి, గట్టు వెనక అంచుకి చిన్న కట్టు వేయించు. నీళ్ళు చిందినా గోడకి తగలవు.

నీళ్ళు తేలాక మిగతావి వాటంతటవే తేలతాయి. అదే తూర్పు గోడకి దక్షిణం కొసన, అంటే ఆగ్నేయంలో పొయ్యి వస్తుంది. వాస్తు పట్టింపు ఉన్న మీ మామగారికి అభ్యంతరం ఉండదు, వంట చేసేవాళ్ళు తూర్పు ముఖంగా నిలబడతారు. ఒక్కటి చూసుకో. వెనక పంచలోకి వెళ్ళే గుమ్మం అక్కడే ఉంది. పొయ్యిని గుమ్మానికి ఆనించకు, కనీసం రెండడుగులు ఎడం ఉండాలి. వేసవిలో దక్షిణపు గాలి గుమ్మంలోంచి విసురుగా వస్తే సిమ్‌లో ఉన్న మంట ఆరిపోతుంది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది. బాబు పరిగెత్తేది కూడా ఆ గుమ్మంలోంచే. సింకుకీ పొయ్యికీ మధ్య మూడడుగులకి తగ్గకుండా ఖాళీ గట్టు ఉంచు. కూరలు తరగడం, పిండి కలపడం, మిక్సీ, దించిన గిన్నె పెట్టడం అన్నీ ఆ మూడడుగుల్లోనే జరుగుతాయి. చాలామంది సింకునీ పొయ్యినీ పక్కపక్కన పెట్టుకుని, కూరలు తరగడానికి చోటులేక ఫ్రిజ్ మీదా స్టూలు మీదా పెట్టుకుని అవస్థ పడుతుంటారు.

ఇక గట్టు ఎత్తు. మేస్త్రీ తనకి అలవాటైన కొలత ఒకటి చెప్పి, అందరికీ అదే వేస్తామంటాడు. నువ్వు ఊరుకోకు. చెప్పులు లేకుండా నిటారుగా నిలబడి మోచెయ్యి వంచు. మోచేతికి బెత్తెడు కింద గట్టు పైభాగం రావాలి. మీ అత్తగారు నీకంటే పొట్టి కాబట్టి ఇద్దరికీ కొలిచి, మధ్యస్థంగా తీసుకో. బహుశా ముప్ఫైరెండు అంగుళాల దగ్గర తేలుతుంది. స్టవ్వు తనే నాలుగైదు అంగుళాల ఎత్తు ఉంటుంది, దాని మీద కుక్కరో అన్నం గిన్నో పెడితే భుజం ఎత్తి గరిటె తిప్పాల్సొస్తుంది. అందుకే పొయ్యి ఉండే ముక్కని మిగతా గట్టు కంటే నాలుగంగుళాలు కిందికి దింపించు. ఒక బండ ముక్క అదనంగా కోయాలని మేస్త్రీ విసుక్కుంటాడు, విసుక్కోనీ. రోజూ మూడు పూటలా అక్కడ నిలబడేది మీరు. నమ్మకం కుదరకపోతే ఇటుకలు పేర్చి పైన చెక్క వేసి, దాని మీద ఒక పూట కూరలు తరిగి చూడు, నడుమే చెబుతుంది.

బండకి కడప రాయి చవకే, కానీ మనవాళ్ళ వంటలో చింతపండు పులుసూ నిమ్మకాయా లేని రోజు ఉండదు కదా. పులుపు పడితే కడప రాయి మీద తెల్ల మచ్చలు పడతాయి, పోవు. పైన గ్రానైటు వేసి, కింద అరలకి కడప రాయి వాడుకో.

సిలిండరు గురించి జాగ్రత్తగా విను. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే నేల మీదికి దిగి అక్కడే పేరుకుంటుంది. కాబట్టి గుంటలో, పల్లంగా ఉన్న చోట సిలిండరు పెట్టకూడదు. పొయ్యికి సరిగ్గా కింద కాకుండా, పక్కనున్న ఎత్తు గట్టు కింద నిలువుగా నిలబెట్టు. ముందు తలుపు పెట్టిస్తే దానికి అడుగున గాలి కంతలు ఉండాలి. రబ్బరు గొట్టం మీటరున్నరకి మించకూడదు, అయిదేళ్ళకోసారి మార్చాలి, గొట్టం మీదే సంవత్సరం ముద్రించి ఉంటుంది. లీకు అనుమానం వస్తే స్విచ్చి వెయ్యకు, తియ్యకు. రెగ్యులేటరు కట్టేసి తలుపులు తెరిచి బయటికొచ్చి 1906కి ఫోను చెయ్యి. ఆ నంబరు మీ అత్తగారికీ చెప్పి ఉంచు.

వెలుగు సంగతి చెబుతానన్నాను. పెంకుల్లో రెండు తీసి వాటి స్థానంలో గాజు పెంకులు పెట్టించు. గట్టు మధ్య భాగం మీద వెలుగు పడేలా, పొయ్యి మీద కాకుండా చూసుకో. అలా పెంకులు తీసిన రోజునే నిచ్చెనెక్కి వాసాలు చూడమను. పాత వంటింటి వాసాలు మసి పట్టి నల్లగా ఉంటాయి కదా, ఆ పొగే ఇన్నాళ్ళూ పుచ్చు పట్టకుండా కాపాడింది. గ్యాసు వచ్చాక పొగ లేదు. ప్రతి వాసానికీ మేకు గుచ్చి చూడాలి. గట్టిగా ఆగితే సరే, మెత్తగా దిగిపోతే ఆ వాసం మార్చాలి. పొద్దున్నే నేల మీద సన్నటి పసుపుపచ్చ పొడి రాలి ఉంటే పైన పురుగు తొలుస్తున్నట్టే. ముందు దానికి మందు కొట్టించి ఆ తర్వాతే అటక మీద బరువులు పెట్టు.

ఫ్రిజ్ వంటింట్లో వద్దు. పొయ్యి వేడికి దగ్గర, పైగా చోటు తినేస్తుంది. నట్టింట్లో వంటింటి గుమ్మం పక్కన, గోడకి జానెడు ఎడంగా పెట్టు. పాత వైరింగు మీద దాన్ని నడపకు, ఎర్తింగు ఉన్న వేరే లైను లాగించు. ఊరగాయ జాడీలు పడమటి గోడ అరలో, సింకుకి దూరంగా. కత్తిపీట మాత్రం వాడగానే బాబుకి అందనంత ఎత్తున గూట్లో పెట్టేయాలి, ఇందులో మొహమాటం లేదు.

ఇప్పుడు భోజనాల బల్ల. ఆరు కుర్చీల టేబుల్ నట్టింట్లో వేస్తే ఇంక అక్కడ మనిషి నడవడానికి ఉండదు, చుట్టాలొస్తే పక్క వేయడానికీ ఉండదు. నీ వెనక పంచ ఏడడుగుల వెడల్పు ఉంది, దాన్ని వదిలేసి నట్టింటి మీద పడ్డావేమిటి? వంటింటి గుమ్మం పక్కన, పంచ తూర్పు కొసన, నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు బల్ల గోడకి ఆనించి వెయ్యి. బయటి వైపు ఇద్దరు, కొసలకి ఒక్కొక్కరు, నలుగురు హాయిగా కూర్చుంటారు. ఎదర కుర్చీలకి బదులు బెంచీ చేయించు, తిన్నాక బల్ల కిందికి తోసేస్తే దారి పూర్తిగా ఖాళీ. మీ మామగారికి మోకాళ్ళ నొప్పులన్నావు కాబట్టి ఆయనకి మాత్రం చేతులున్న కుర్చీ ఉండాలి, చేతుల మీద ఊతం తీసుకుని లేస్తారు. వానజల్లు పడమటి వైపు నుంచి కొడుతుంది, ఆ కొసన తడక కట్టించి, తొట్టి, బకెట్లు అటు పెట్టుకోండి.

కొబ్బరి దింపుల రోజుల్లో, కోతలప్పుడు పదిమంది ఒకేసారి వస్తారు. వాళ్ళ కోసం పెద్ద బల్ల కొనకు. పంచలో చాపలు పరిచి బంతి వెయ్యి. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన సీమ మనది, ఇంటికొచ్చినవాళ్ళు కూర్చుని తినే చోటు తగ్గకూడదు. ఆ పెద్ద వంటలకి కట్టెల పొయ్యి పెరట్లో ఉండనీ, కాకపోతే చూరుకి దూరంగా. కొబ్బరి డొక్కలు, మట్టలు ఎండి ఉంటే నిప్పురవ్వలు బాగా లేస్తాయి.

ఇదంతా కట్టించే ముందు ఒక పని చెయ్యి. ముగ్గుపిండితో నేల మీద గట్టు, సింకు, పొయ్యి, పంచలో బల్ల అన్నీ అసలు కొలతలతో గీసేయ్. బల్ల ఉండాల్సిన చోట మడత మంచం వేసుకుని ఒక వారం అలాగే తిరగండి. అన్నం గిన్నె పట్టుకుని గుమ్మం దాటుతుంటే ఎవరికి ఎవరు తగులుతున్నారో, మీ అత్తగారు రాత్రిపూట మంచినీళ్ళకి ఏ దారిన వస్తున్నారో చూడు. గీత చెరిపి మళ్ళీ గీసుకోవడానికి ఖర్చేమీ లేదు. ఆవిడ మాట తప్పకుండా తీసుకో. ఆ వంటింట్లో ఏ మూల చీమలు పడతాయో, ఏ మూల వాన కారుతుందో ఆవిడకి తెలిసినంత నీకూ నాకూ తెలియదు.

పని సంక్రాంతి దాటాక పెట్టుకోండి. సున్నం ఆరడానికి వ్యవధి ఉంటుంది, వానల్లోపు పెంకులూ సర్దించుకోవచ్చు. పని జరిగే రోజుల్లో వంట పెరటి పొయ్యి మీదే చేసుకోవాలి కాబట్టి దాని పైన నాలుగు రేకులు ముందే వేయించు. మేస్త్రీ ఎప్పుడొస్తాడో ఫోను చేస్తే నేనూ వచ్చి దగ్గరుండి చూస్తాను. మీ అత్తగారినీ మామగారినీ అడిగానని చెప్పు. బాబుకి ముద్దులు.

ఇట్లు,
మీ అత్త