నల్ల ఇసుక తీరానికి ఒక్కరోజు ప్రయాణం

ప్రశ్న: ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ నుంచి గైడుతో కలిసి దక్షిణ తీరాన్ని ఒక్కరోజులో చూసి రావచ్చా? అక్కడి ఇసుక ఎందుకు నల్లగా ఉంటుంది?

జవాబు: చూసి రావచ్చు. దక్షిణ తీరంలోని వీక్ గ్రామం రేక్యావిక్‌కు సుమారు 190 కిలోమీటర్ల దూరంలో ఉంది. దారిలో కనిపించే సెల్యాలాండ్స్‌ఫాస్, స్కోగాఫాస్ జలపాతాలు రెండూ దాదాపు 60 మీటర్ల ఎత్తు నుంచి, ఒకప్పుడు సముద్రపు ఒడ్డుగా ఉన్న కొండ అంచు మీదుగా దూకుతాయి.

వీక్ సమీపంలోని రేనిస్‌ఫ్యారా తీరంలో ఇసుక నల్లగా ఉండటానికి కారణం బసాల్ట్ శిల, అంటే లావా గట్టిపడి ఏర్పడే నల్లని రాయి. హిమానీనదం కింద ఉన్న కాట్లా అగ్నిపర్వతం బద్దలైనప్పుడల్లా మంచు కరిగి వరదగా మారి, బూడిదనూ రాతి పొడినీ తీరానికి మోసుకొస్తుంది. 1918 నాటి విస్ఫోటనంలో వచ్చిన మేటతో తీరరేఖే సముద్రంలోకి ముందుకు జరిగింది. అక్కడి రాతి స్తంభాలు ఎవరో చెక్కినట్లు కనిపించినా, లావా చల్లబడి కుంచించుకుపోతూ, ఎండిన చెరువు అడుగులా పగుళ్లిచ్చి, ఆ పగుళ్లు లోపలికి సాగడం వల్ల ఏర్పడ్డాయి. నా దృష్టిలో ఈ ప్రయాణంలో అన్నింటికన్నా ఎక్కువ సమయం కేటాయించవలసిన దృశ్యం అదే.

అయితే ఆ తీరం ప్రాణాంతకమైనది. ప్రశాంతంగా కనిపించే నీటిలోంచి ఉన్నట్టుండి పెద్ద అల వచ్చి మనుషులను లాక్కుపోయిన సందర్భాలున్నాయి. దయచేసి సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగకండి. హెచ్చరిక దీపం ఎర్రగా వెలుగుతుంటే, గైడు చెప్పకపోయినా, ఇసుకలోకి దిగకండి. చలికాలంలో పగలు నాలుగైదు గంటలకు కుదించుకుపోతుంది కనుక, వీలైతే వేసవిలోనే వెళ్లండి.