ఫైనల్ గెలిపించింది ఎవరు?

ప్రశ్న: నేను రోజూ క్రికెట్ చూసేదాన్ని కాదు. 2025 మహిళల వరల్డ్ కప్ ఫైనల్ మాత్రం కదలకుండా చూశాను. కప్పు తెచ్చింది షెఫాలీ అని నేను, కాదు దీప్తి అని మా తమ్ముడు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: దీప్తి 58 పరుగులు చేసి 5 వికెట్లు తీసింది, అంతకంటే ఏం కావాలి! అయినా నా ఓటు షెఫాలీకే. మన ఓపెనర్ ప్రతీకా రావల్ గాయపడితే సెమీస్‌కి ముందు హడావిడిగా పిలిచిన అమ్మాయి, ఫైనల్లో 87 కొట్టి, ఆ పైన బంతి అందుకుని దక్షిణాఫ్రికా బ్యాటర్లు సునే లూస్‌నీ మరిజానె కాప్‌నీ ఔట్ చేసిందంటే మాటలు కాదమ్మా.

కానీ నాకు గుండె ఆగినంత పనైంది మాత్రం అమన్‌జోత్ క్యాచ్ దగ్గర. సెంచరీ కొట్టిన దక్షిణాఫ్రికా కెప్టెన్ వోల్వార్ట్ ఇంకా క్రీజులోనే ఉంది, చూసేవాళ్లకి ఒకటే టెన్షన్, దీప్తి వేసిన బంతిని గాల్లోకి లేపింది, అమన్‌జోత్ పరిగెత్తుకొచ్చి పట్టబోతే చేతుల్లోంచి జారింది, మళ్లీ ఎగిరింది, మూడోసారికి ఒంటిచేత్తో పట్టేసింది! 52 పరుగులతో గెలిచాం కాబట్టి ఇప్పుడు తేలిగ్గా అనిపిస్తుంది గానీ, అది నేలపాలై ఉంటే కథ వేరేగా ఉండేది. మీ తమ్ముడికి ఆ క్యాచ్ ఇంకోసారి చూపించండి.