27 ఏళ్లకే జుట్టు నెరిసింది, పెళ్లిచూపులకు రంగు వేసుకోమని ఇంట్లో అంటున్నారు. వేసుకోవాలా, వదిలేయాలా?

ముందు రక్తపరీక్ష చేయించుకోండి. బాలనెరుపు చాలామందికి వంశపారంపర్యంగా వస్తుంది, దాన్ని ఏ నూనే వెనక్కి తిప్పదు. కారణం బీ12 లోపమో, థైరాయిడ్ సమస్యో అయితే మాత్రం చికిత్సతో కొంత నలుపు తిరిగి రావచ్చు.

రంగు మొదలుపెడితే ఒక్కసారితో ఆగదు. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, మూడు నాలుగు వారాలకే పాపిట వెంట తెల్లగీత తేలుతుంది. నల్లరంగుల్లో తరచుగా ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు: నెత్తి దురద, కనురెప్పల వాపు. అందుకే ముందుగా చెవి వెనుక కాస్త రాసి 48 గంటలు చూడండి. ‘నల్ల గోరింటాకు’ అని అమ్మే పొడుల్లోనూ ఇది ఉండవచ్చు, దయచేసి పొట్లం వెనుక చదవండి. అసలు గోరింటాకు తెల్లవెంట్రుకకు నారింజ ఎరుపే ఇస్తుంది. నలుపు కావాలంటే ఆ తర్వాత నీలిఆకు పొడి పెట్టాలి.

నల్లజుట్టు మీకే ఇష్టమైతే నిశ్చింతగా వేసుకోండి. పెళ్లిచూపుల కోసమే అయితే వద్దంటాను. మీతో కాపురం చేయబోయే మనిషి ఆ తెల్లగీతను నెల తిరగకుండా చూస్తారు, ముందే చూడనివ్వండి.